‘అన్నం తిన్నావా?’ అని అడిగేదెవరు?

చీరాలకు దగ్గర్లోని వాడరేవు తీరంలో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. పడవలు ఒడ్డుకు చేరగానే చేపలకు వేలం వేస్తారు. మగవారితో సమానంగా పాట పాడి, సరుకు గంపకెత్తుకుని, ఆటోల్లో ఊళ్లకు బయలుదేరే స్త్రీలు అక్కడ కనిపిస్తారు. వారిలో భర్తను పోగొట్టుకున్నవారున్నారు. భర్త ఉన్నా సంసారభారమంతా తామే మోస్తున్నవారూ ఉన్నారు. ‘నీకేం వదినా, మగాడిలా నెట్టుకొస్తున్నావు’ అంటారు తోటివారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. బేరంలో గానీ బాకీ వసూలులో గానీ ఆమెను మోసగించడం ఎవరి తరమూ కాదు. అయితే సాయంత్రం ఖాళీ గంపతో ఇల్లు చేరాక ‘అన్నం తిన్నావా?’ అని అడిగే మనిషి ఉండరు.

ఆమె ఒక్కతే కాదు. సొంతంగా పత్తి, మిరప సాగుచేస్తూ అప్పులవాళ్లకు జవాబు చెప్పుకునే మహిళా రైతు, పిల్లల్ని విదేశాలకు పంపి పెద్ద ఇంట్లో ఒక్కతే మిగిలిన రిటైర్డ్ టీచరు, నగరంలో హాస్టల్ గదిలో ఉంటూ తమ్ముడి చదువుకు డబ్బు పంపే కూతురు, అందరూ ఆ కోవలోని వారే. మన చర్చిల్లోనూ ఇలాంటివారు ఉంటారు. సండే స్కూలు నడిపేది ఆమే, స్త్రీల సమాజం లెక్కలు రాసేది ఆమే, ఎవరింట్లో చావు జరిగినా ముందుగా వెళ్లేది ఆమే. మనకు పని పడితే ఆమె గుర్తుకొస్తుంది. ఆమెకే జ్వరమొస్తే మాత్రం ‘ఆవిడ గట్టి మనిషి, చూసుకుంటుందిలే’ అనుకుంటాం. అలా మన మెచ్చుకోలే ఆమె చుట్టూ గోడ అయిపోతుంది.

ఒంటరితనం చిన్న విషయం కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దానితో బాధపడుతున్నారని, అది గుండెజబ్బుల, పక్షవాతం ముప్పును పెంచుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో తన నివేదికలో తెలిపింది.

బైబిల్లోని మార్త ఇలాంటి గట్టి మనిషే. బేతనియలో యేసుప్రభువును తన ఇంట చేర్చుకున్నది ఆమేనని లూకా రాశాడు. మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంటే, మార్త వంట పనితో సతమతమైంది. ఈ సంఘటన మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. అన్నింటిలోనూ మార్తకు చీవాట్లే! కానీ ఆమె ఫిర్యాదును మరోసారి చదవండి. పని ఎక్కువైందని మాత్రమే ఆమె అనలేదు. తన సహోదరి తనను ఒంటరిగా వదిలేసిందని, ప్రభువుకు ఆ చింత లేదా అని అడిగింది. అందరికీ వడ్డించే స్త్రీ గుండెలోని మాట అది. ప్రభువు ఆమెను పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు. ఆమె వండిన వంటకాల కన్నా ముందు ఆమె మనసులోని కలతను చూశాడు. తర్వాత లాజరు చనిపోయినప్పుడు, పునరుత్థానాన్ని గురించిన గొప్ప సత్యాన్ని ఆయన ఆ మార్తకే చెప్పాడు. ఆయన క్రీస్తని ఆమె నోరారా ఒప్పుకుంది. ఆ కుటుంబాన్ని యేసు ప్రేమించాడని రాస్తూ యోహాను మొదట పేర్కొన్నది మార్తనే. ప్రభువు దృష్టిలో ఆమె కేవలం పనిమంతురాలు కాదు, ప్రియమైన మనిషి.

ఇలాంటి గట్టి స్త్రీలు మన ప్రాంతానికి కొత్త కాదు. గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రి పేరు ఈ జిల్లాల్లో తెలియనివారు తక్కువ. అమెరికా నుంచి 1883లో లూథరన్ మిషనరీగా వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పేరది. ఆమె వైద్యురాలే అయినా, మొదట్లో ఆమె వైద్యసేవను మిషన్ అధికారికంగా చేపట్టలేదు. ఆమె వెనుకంజ వేయలేదు. 1898లో స్త్రీల కోసం, పిల్లల కోసం ఆసుపత్రి తెరుచుకుంది. వివాహం చేసుకోకుండా, 1930లో గుంటూరులోనే కన్నుమూసేదాకా దాదాపు 47 ఏళ్లు ఇక్కడే సేవ చేసింది. అయితే ఆ పని ఆమె ఒక్కతే చేయలేదు. తోటి మిషనరీ స్త్రీలు, నర్సులు, తెలుగు సహోదరీలు ఆమెకు తోడున్నారు. తన భార్యకు వైద్యం చేసినందుకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు ఒకరు ఆసుపత్రి దగ్గర రోగుల బంధువులకు వసతి గృహం కట్టించాడు. రోగికి మందుతో పాటు మనిషి కూడా కావాలని మన పెద్దలకు తెలుసు. రోగికి కావలసిన ఆ తోడు, రోగిని చూసుకునే స్త్రీకి మాత్రం అక్కర్లేదా?

ఒంటరి స్త్రీ కనిపించగానే మనం రెండు సలహాలు ఇస్తుంటాం. మొదటిది, ‘మగదిక్కు ఉండాలమ్మా, పెళ్లి చేసుకో’ అన్నది. పెళ్లి దేవుడిచ్చిన ఆశీర్వాదమే కానీ, ఒంటరితనానికి అది మందు కాదు. భర్త పక్కనే ఉన్నా పలకరింపు లేక కుమిలిపోయే ఇల్లాళ్లు ఎందరు లేరు? రెండోది, ‘ప్రభువు తోడుండగా నువ్వు ఒంటరివెలా అవుతావు?’ అన్నది. ఆ మాట నిజమే. కానీ మనం వెళ్లి పలకరించాల్సిన బాధ్యతను తప్పించుకోవడానికి ఆ నిజాన్ని వాడుకోకూడదు. ఆదాము ఒంటరిగా ఉండడం మంచిది కాదని దేవుడు అన్నది ఎప్పుడు? పాపం ఇంకా లోకంలోకి రాకముందు, దేవునితో అతని సహవాసానికి ఏ అడ్డూ లేనప్పుడు! తాను తోడున్నా మనిషికి మనిషి కావాలని దేవుడే అన్నాడు. ఆ కొరత తీర్చే కుటుంబంగానే ఆయన సంఘాన్ని ఏర్పరిచాడు.

గట్టి మనసుగల సహోదరీలారా, మీకూ ఒక మాట. సాయం అడిగితే చులకనైపోతామని మీరు భయపడవచ్చు. గెత్సేమనే తోటలో ప్రభువు తన దుఃఖాన్ని దాచుకోలేదు. ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకుని వెళ్లి, తనతో పాటు మెలకువగా ఉండమని అడిగాడు. గాలిని, సముద్రాన్ని గద్దించిన వాడే తోడు కావాలని అడిగినప్పుడు, మీరు అడగడం బలహీనత ఎలా అవుతుంది? ఆ ముగ్గురూ నిద్రపోయారు. అయినా ఆయన వారిని విడిచిపెట్టలేదు. కనుక ఒకరు నిరాశపరిచారని తలుపులు మూసుకోకండి.

ఇక సంఘం చేయగలిగింది పెద్దగా ఖర్చుతో కూడుకున్నది కాదు. ఈ ఆదివారం ఆమెకు ఇంకో బాధ్యత అప్పగించకుండా, ఆమెతో పాటు ఇంటిదాకా నడవండి. క్రిస్మస్ రోజున ఆమెను వడ్డించడానికి కాకుండా మీ పక్కన కూర్చుని తినడానికి పిలవండి. పని లేకపోయినా ఒకసారి ఫోన్ చేయండి.

మృత్యుంజయుడైన యేసు తిబెరియ సముద్రతీరాన చేసిన పని గుర్తుందా? రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులను ఆయన మొదట అడిగింది తినడానికి ఏమైనా ఉందా అనే. వారు ఒడ్డుకు వచ్చేసరికి నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధంగా ఉన్నాయి. పేతురుకు పెద్ద బాధ్యత అప్పగించింది ఆ తర్వాతే. ముందు భోజనం, తర్వాత పని. ప్రభువు పాటించిన ఈ వరసను మనం తిరగేశాం. వాడరేవులోనైనా మన వీధిలోనైనా, భారమంతా మోసుకుని ఇల్లు చేరే ఆ సహోదరిని ఈ సాయంత్రం ఎవరో ఒకరు అడగాలి, ‘అన్నం తిన్నావా?’ అని. ఆ అడిగేవారు మనమే కావాలి.