వ్యాధి పటాలూ, వలస కార్మికులూ

దూరప్రాంతానికి ప్రయాణమయ్యేవారు అక్కడ ఏ వ్యాధుల ప్రమాదమున్నదో ముందుగా తెలుసుకొనేందుకు నేడు ఆన్‌లైన్ పటాలు అనేకం అందుబాటులో ఉన్నవి. ఫోను తెరపై ఒక దేశాన్నో, ఒక జిల్లానో వేలితో తాకితే చాలు, మలేరియా, డెంగీ, ఎల్లో ఫీవర్ ఎంతెంతగా వ్యాపించి ఉన్నవో రంగులలో కనిపిస్తుంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 2020 జనవరిలో ప్రారంభించిన కోవిడ్ పటాన్ని, 2023 మార్చిలో నిలిచిపోయే వరకు ప్రపంచమంతా చూసింది. సాధనం మంచిదే. కాని ఎవరి ప్రయాణాన్ని ఎదుట పెట్టుకొని ఈ పటాలను తయారుచేశారన్న ప్రశ్న కార్మికోద్యమం వేయక తప్పదు.

బ్రిటన్‌లో ప్రయాణికుల కొరకు ప్రచురిస్తూ వచ్చిన భారత మలేరియా పటంలో అస్సాం, ఒడిశాలతో పాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పు గోదావరి జిల్లాలను అధిక ప్రమాద ప్రాంతాలుగా చూపారు. మన్యాన్ని ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. అయితే విశాఖ సముద్రతీరానికీ, పాడేరు కొండలకూ వేసినది ఒకే రంగు! ముందుగానే మాత్రలు కొనుక్కొని, తలుపులు బిగించిన హోటలు గదిలో రెండు రాత్రులు గడిపిపోయే పర్యాటకునికి ఈ మోటు లెక్క సరిపోవచ్చు. నెలల తరబడి రేకుల షెడ్డులో పడుకొనే కూలీకి సరిపోదు.

నగరాలలో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమ మంచినీటి తొట్లలో, కట్టడాల వద్ద నిలువ ఉన్న నీటిలో పెరుగుతుంది. స్లాబు తడిగా ఉండేందుకు మడులు కట్టి నిలిపిన నీరు, లిఫ్ట్ కొరకు తవ్విన గుంత, మూతలేని డ్రమ్ము దానికి నిలయాలు. వాటి పక్కనే కూలీల పడక. ఆ నగరం పటంలో ఆకుపచ్చ రంగులో ఉండవచ్చు. ఆ రంగును చూపి దోమతెరలు అవసరం లేదనే కాంట్రాక్టరుకు మనం ఏమి సమాధానం చెప్పాలి?

మరొక సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. మలేరియా తీవ్రతను ఏడాదికి వెయ్యి జనాభాకు ఎన్ని కేసులు బయటపడినవన్న లెక్కన కొలుస్తారు. ఫాల్సిపారం జ్వరం సాధారణంగా దోమ కుట్టిన వారం, రెండు వారాలకు బయటపడుతుంది. వైవాక్స్ క్రిమి కాలేయంలో నెలల తరబడి దాగి మళ్లీ తిరగబెట్టగలదు. బలంగీర్ నుండి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబం పని ముగించి జూన్‌లో ఇల్లు చేరుతుంది. జ్వరం అక్కడ వస్తుంది, రక్తపరీక్ష అక్కడ జరుగుతుంది. ఎక్కడ పనిచేసి వచ్చావని అడిగి రాసుకొంటే తప్ప కేసు ఆ ఊరి లెక్కలోనే చేరుతుంది. పనిస్థలం పటంలో పరిశుభ్రంగా మిగులుతుంది. వైవాక్స్‌కు పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ మింగాలి. రోజు కూలి పోతుందని మధ్యలో మానేసినవానిని అజ్ఞాని అనడం అన్యాయం.

అలాగని పటాలను తోసిపుచ్చవలెనని మా అభిప్రాయం కాదు. మలేరియా ఎరుగని మైదాన ప్రాంతపు కూలీ సొరంగాల పనికో, రోడ్డు పనికో అడవులలోకి పోయేటప్పుడు అతని ఒంట్లో ఆ జ్వరాన్ని తట్టుకొనే శక్తి ఉండదు. పోబోయే చోటు గురించి బయలుదేరక ముందే తెలియడం అతనికి ప్రాణావసరం.

పాలకులకు రంగులు వేయడం బాగానే తెలుసు. 2020 ఏప్రిల్ 30న కేంద్ర ఆరోగ్యశాఖ 130 జిల్లాలను రెడ్, 284 జిల్లాలను ఆరెంజ్, 319 జిల్లాలను గ్రీన్ జోన్లుగా ప్రకటించింది. రెడ్ జోన్‌లో చిక్కిన వలస కూలీకి అన్నం ఎవరు పెట్టాలో ఆ జాబితాలో లేదు. 2021 ఏప్రిల్‌లో మొదలైన సమీకృత ఆరోగ్య సమాచార వేదిక గ్రామస్థాయి వరకు వ్యాధుల వివరాలను పటంపై గుర్తించగలదు. అధికారుల కొరకు ఉన్న ఆ సమాచారాన్ని, రోగుల పేర్లు తొలగించి, మండలాల వారీగా ప్రాంతీయ భాషలలో ప్రజలందరికీ తెరవాలి.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉచిత వైద్య సదుపాయాన్నీ, తగిన నివాసాన్నీ కాంట్రాక్టరు బాధ్యతగా నిర్ణయించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిభద్రతా కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకొన్నది. పేరు ఏదైనా, పోబోయే ప్రాంతపు వ్యాధుల వివరం కార్మికుని భాషలో ముందుగా రాసి ఇవ్వడం, యజమాని ఖర్చుతో దోమతెరలు, వెళ్లేముందూ వచ్చాకా రక్తపరీక్ష, జ్వరపు రోజులకు పూర్తి కూలి నిబంధనలలో చేర్చవలెనని డిమాండ్ చేస్తున్నాము.

శాఖా సంఘాలు ఇందుకొరకు వేచి ఉండనక్కరలేదు. వలసల కాలం మొదలయ్యేలోగా ప్రతి శాఖ ఒక నోటు పుస్తకం తెరిచి, ఎవరు ఏ పనికి ఏ మండలానికి వెళ్లారు, ఏ తేదీన తిరిగివచ్చారు, జ్వరం ఎప్పుడు వచ్చింది, పరీక్ష ఎక్కడ జరిగింది అన్నవి నమోదు చేయాలి. అందలి వివరాలను, కార్మికుల సమ్మతితో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి నెలనెలా అందజేసి రసీదు తీసుకోవాలి.