గది ఉంది సరే... వీల్‌చైర్ పడుతుందా?

2025 జనవరి 1 నాటికి ఒంటారియోను వికలాంగులకు అడ్డంకులు లేని ప్రావిన్స్‌గా చేస్తామని 2005లో ఇక్కడ ఒక చట్టం తెచ్చారు. ఇరవై ఏళ్ల గడువు దాటిపోయింది. ఎంతవరకు వచ్చామో చూడాలంటే, ఎటోబికోలో డిక్సన్ రోడ్డు మీద వీల్‌చైర్‌కు పనికొచ్చే హోటల్ గది ఒకటి వెతికి చూడండి.

పియర్సన్ ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి అక్కడ హోటళ్లకు కొదవ లేదు. బేస్‌మెంట్ మెట్లు దిగలేని మా పెద్దమ్మ పెళ్లికి వస్తుంటే నేనూ అక్కడే వెతికాను. బుకింగ్ సైట్లలో ‘యాక్సెసిబుల్’ అన్న మాట బాగానే కనిపిస్తుంది. ఒకచోట దాని అర్థం లిఫ్ట్ ఉందని. ఇంకోచోట, వినికిడి లోపం ఉన్నవారికి తలుపు కొడితే లైటు వెలుగుతుందని. బాత్‌టబ్ పక్క గోడకు రెండు కమ్మీలు బిగించి అదే పేరు పెట్టినవీ ఉన్నాయి. కాలెత్తి టబ్బులోకి వెళ్లలేని మనిషికి ఆ కమ్మీలెందుకు? కావలసింది గట్టు లేకుండా కుర్చీతో నేరుగా వెళ్లే షవర్. మంచం సంగతైతే రాసేవాళ్లే అరుదు. కింద ఖాళీ లేని పెట్టె మంచమైతే మనిషిని లేపే లిఫ్టర్ చక్రాలు దూరవు. పైగా మనం సైట్లో టిక్కు పెట్టేది చాలాచోట్ల ‘రిక్వెస్ట్’ మాత్రమే. ఒక హోటల్లో (పేరెందుకులెండి) ఫోన్‌లో ఖాయమన్న గదిని మేం రాత్రి పదకొండింటికి వెళ్లేసరికి వేరేవాళ్లకు ఇచ్చేశారు.

అమెరికాలో దీనికి 2012 నుంచే కచ్చితమైన నియమం ఉంది. గదిలో ఏ సౌకర్యాలున్నాయో బుకింగ్ దగ్గరే వివరించాలి. ఆ రకం మిగతా గదులన్నీ నిండేదాకా ఆ గదిని ఇతరులకు ఇవ్వకూడదు. బుక్ చేసినవారికి దాన్నే అట్టేపెట్టాలి. బఫెలోలో ఉన్నంత స్పష్టమైన ఆ హక్కు మనకు లేదు. ఒంటారియో బిల్డింగ్ కోడ్‌ను 2015లో గట్టిపరిచారు గానీ, అది కొత్త కట్టడాలకు, భారీగా మార్పులు చేసేవాటికే. పాత హోటల్ పాతగానే నడిచిపోవచ్చు.

మానవ హక్కుల కోడ్ హోటళ్లకూ వర్తిస్తుంది, నిజమే. ఏడాదిలోగా ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేయవచ్చు. కానీ నాలుగు రోజుల పెళ్లికి వచ్చినవాళ్లు దరఖాస్తులు పట్టుకుని తిరుగుతారా?

ఇండియాలో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న అసలు విషయం పట్టుకుంది. ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, కనీస నియమాలు తప్పనిసరి కావాలంది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రమే. అక్కడ అమలు ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. అయినా ఒంటారియోకు కావలసిన మాట అదే.

ఈలోగా మనవాళ్లను పిలిపించుకునేవారు సైటును నమ్మకుండా నేరుగా హోటల్‌కే ఫోన్ చేయండి. షవర్, మంచం ఫొటోలు అడగండి, గది నంబరుతో సహా ఈమెయిల్ తీసుకోండి. బాత్‌రూమ్ తలుపు వెడల్పు కనుక్కోండి. కుర్చీని సీటు దగ్గర కాదు, చక్రాల బయటి అంచు నుంచి అంచుకు కొలవాలి. స్వయంగా చక్రాలు తిప్పుకునేవారి వేళ్లకు ఇంకాస్త జాగా కావాలి.