మానిటర్ పోయిందని తేల్చేముందు ఒక్కసారి కేబుల్ మార్చి చూడండి

మా బావమరిది విజయవాడలో ఇంటి నుంచే పనిచేస్తాడు. పాత ఫుల్ హెచ్‌డీ మానిటర్ తీసేసి, సెకండ్ హ్యాండ్‌లో 27 అంగుళాల 4కె మానిటర్ కొన్నాడు. వారం తిరక్కుండానే ఫోన్. "బావా, ఉన్నట్టుండి స్క్రీన్ నల్లగా అయిపోయి రెండు సెకన్లకి మళ్లీ వస్తోంది. ఫ్యాన్ స్విచ్ వేసినా అంతే. మేనేజర్ కాల్‌లో ఉండగా పరువు పోతోంది!"

గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్పించాను. విండోస్ మళ్లీ ఎక్కించుకున్నాడు, ఒక ఆదివారం మొత్తం దానికే సరి. చివరికి రిపేర్ షాపుకి మోసుకెళ్తే బోర్డు పోయింది, 6,500 అవుతుందన్నారు. కేబుల్ ఏది వాడుతున్నావని నేను అడిగింది అప్పుడు. పాత మానిటర్‌దేనట. షాపులో కూడా వాడు పట్టుకెళ్లిన ఆ కేబుల్‌తోనే చూశారట.

"అది మూడేళ్లు బాగానే పనిచేసింది కదా బావా" అన్నాడు. నిజమే. కానీ ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్‌కి ఆ కేబుల్ మోసింది సెకనుకి సుమారు 4.5 గిగాబిట్లు. అదే 4కె 60 హెర్ట్జ్ అంటే దాదాపు 18. నాసిరకం రాగి, పేరుకి మాత్రమే ఉన్న షీల్డింగ్ అంత బరువు మోయలేవు. పక్కన ఫ్యాన్ స్విచ్ వేస్తే పుట్టే చిన్న విద్యుత్ అలజడికే సిగ్నల్ తెగిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ 30కి తగ్గించండి. నల్లబడటం ఆగిపోతే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. మెరుపు చుక్కలు కనిపిస్తుంటే మానిటర్ సొంత మెనూ తెరిచి చూడండి. మెనూ శుభ్రంగా ఉండి వెనక బొమ్మలో మాత్రమే చుక్కలుంటే ప్యానెల్ తప్పు కాకపోవచ్చు. రంగులు వెలిసిపోయినట్టుంటే మాత్రం కేబుల్‌ని తిట్టకండి, అది ఎక్కువగా సెట్టింగ్స్ గొడవే.

నాకు అసలు ఒళ్లు మండేది ప్యాకెట్ల మీద రాతలు చూస్తే. "2.1 వెర్షన్", "బంగారు పూత", "8కె"... హెచ్‌డీఎంఐ కేబుళ్లకి అధికారికంగా వెర్షన్ నంబర్లే ఉండవు, రకాలుంటాయి. 4కె 60కి ప్రీమియం హై స్పీడ్ సరిపోతుంది. 4కె 120 కావాలంటే 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్. ప్యాకెట్ మీద స్కాన్ చేసి చూసుకునే సర్టిఫికేషన్ లేబుల్ ఉందా అన్నదే నేను చూస్తాను. అది ఉన్న రెండు మీటర్ల కేబుల్ చాలు, వేలు పోసి కొన్నదైనా బొమ్మని ఇంకా అందంగా ఏమీ చూపించదు.

ఇందులో మా తప్పూ ఉంది. మానిటర్ రివ్యూల్లో ప్యానెల్ గురించి, బ్రైట్‌నెస్ గురించి పేజీలు రాస్తాం. ఏ కేబుల్‌తో పరీక్షించామో నేనూ ఇన్నాళ్లు ఒక్క ముక్క రాయలేదు. ఇకపై రాస్తాను. రిపేర్ షాపులవాళ్లు కూడా బోర్డు విప్పే ముందు తమ దగ్గరున్న మంచి కేబుల్ ఒకటి పెట్టి చూడటం కనీస బాధ్యత.

బావమరిది 700 పెట్టి కొత్త కేబుల్ తెచ్చాడు. పాతది పారెయ్యమంటే వినలేదు, హాల్లో సెట్‌టాప్ బాక్స్‌కి తగిలించాడు. అక్కడ నిక్షేపంగా పనిచేస్తోంది.