ప్రాతబండి పద్దు

ఈ మాసమున ఇంటిలెక్కలను గూర్చి వ్రాయుదుమని లోగడ మాట యిచ్చియుంటిమి. లెక్కయే వ్రాయుచున్నాము గాని, అది ఉప్పుపప్పుల లెక్క గాదు. ఒక ప్రాత వ్యానును మరల నడిపించుటకై మా యింటినుండి వెడలిన ధనముయొక్క లెక్క.

ఆ వ్యాను మారుతీవారిది. 1984లో మారుతీ వ్యాను అను పేరున వెలువడి, పిమ్మట ఓమ్ని యని పిలువబడి, 2019లో తయారీ నిలిచిపోయిన బండి. మీలో అనేకులు దానిలోనే బడికి పోయియుందురు. కొందరు పెండ్లికిని తరలియుందురు. మా మామగారు దానిని 1994లో కొనిరి. 2019లో దాని రిజిస్ట్రేషనును అయిదేండ్లకు పొడిగించి, ఆ యేడే వారు గతించిరి. అది మొదలు అది మా పెరటి చింతచెట్టు క్రింద ఆరేండ్లు నిలిచియుండెను. మా యూరు బందరునకు సమీపము. సముద్రపుగాలి ఇనుము నేమిచేయునో బావిగిలకను చూచిన ప్రతి గృహిణికిని తెలియును. కోళ్లు వెనుకసీటుపై గ్రుడ్లు పెట్టుచుండెడివి.

దానిని బాగుచేయింపవలెనను తలంపు మావారిది. అత్తగారికి మోకాళ్లనొప్పి. నెలకొకమారు 70 కిలోమీటర్ల దూరముననున్న విజయవాడకు వైద్యునియొద్దకు కొనిపోవలెను. బాడుగకారునకు ప్రతిమారు 3,000 రూపాయలు. పైగా ఆ కారులోనికి ఆమె ఎక్కుట యొక యాతన. ఈ వ్యానునకు ప్రక్కకు జరుగు పెద్దతలుపు, తిన్ననినేల కలవు. ఇది పైకి చెప్పుకొనిన కారణము. లోపలి కారణము వేఱు. ఆ స్టీరింగుపై తండ్రిగారి చేతుల రాపిడికి నునుపెక్కిన చోటు నేటికిని తెలియుచుండును. ఆ మాట మావారు అనలేదు, మేమును అడుగలేదు.

వంటయింటి కప్పు వేయించుటకై చీటీ పాడి తెచ్చిన 1,20,000 రూపాయలు మాయొద్ద నుండెను. బండికి అందులో సగముతో సరిపోవునని మావా రనిరి. సరే యంటిమి. ఆ సమ్మతి మాదే గనుక ఇప్పుడు ఎవ్వరిని నిందించుటకును మాకు హక్కు లేదు.

మొదట దగ్గఱనున్న యొక షెడ్డున కిచ్చితిమి. నలువది దినములలో బండి పాలవలె తెల్లగ మెఱయుచు వచ్చెను. 24,000 చెల్లించి, టెంకాయ కొట్టి, హారతి యిచ్చితిమి. మొదటి వానలు పడినవి. వెనుకచక్రముపై రేకున చిన్నబుడగ యొకటి లేచెను. అట్లతెడ్డు కొనతో మేమే దానిని కదపగా అరచేతి వెడల్పున పుట్టీ పెళ్ల ఊడిపడెను. దానివెనుక ఇనుము లేదు. మడిచి కుక్కిన వార్తాపత్రిక యుండెను. అందు సినిమా ప్రకటన యొకటి చక్కగ చదువవచ్చుచుండెను. మావారు ఆ దినమున భోజనము చేయలేదు.

రెండవమారు బండిని లారీపై విజయవాడ ఆటోనగరునకు పంపితిమి. అచ్చటి పెద్దపనివాడు రంగు వంక చూడనేలేదు. సీట్లు తీయించి, నేలపై రబ్బరుచాప లాగివేసి, చిన్నసుత్తితో అంగుళ మంగుళమును కొట్టి చూచెను. కుండలు కొనునపుడు మనము వ్రేలితో కొట్టి చూతుము గదా, అట్లే. మంచిరేకు ఖంగున మ్రోగును, పుచ్చినది డప్‌మనును. ఒకచోట సుత్తి యే దిగిపోయెను. "పైన మొగం బాగుందమ్మగారూ, కాళ్లే లేవు" అనెను.

తుప్పు ఎచ్చట పుట్టునో అతడు చూపినది మీ కందఱకును పనికివచ్చును. ముందు అద్దముచుట్టు రబ్బరు ఎండి బీటలువాఱును. ఆ బీటలలో దిగిన వాననీరు చాపక్రిందికి చేరి తడిగుడ్డవలె నెలల తరబడి నిలుచును. పైవారికి పొడిచాపయే కనబడును. జరుగుతలుపు పట్టాలక్రింద, చక్రముల పైవంపులలో, బురద పేరుకొనిన మూలలందు లోపలినుండియే తినివేయును. అట్టిచోట పుట్టీ పెట్టిన యెడల తేమ లోపలనే బంధింపబడి తుప్పు మఱింత త్వరపడును. పుచ్చినదంతయు మంచి ఇనుము తగులువఱకు కోసి, క్రొత్తరేకు అతికి, ఎఱ్ఱప్రైమరు పూసి, అతుకులు మూసి, అడుగున తారుపూత వేయవలెను. జర యను రాక్షసి రెండు వ్రక్కలను చేర్చగా జరాసంధుడయ్యెనని భారతమున చదివితిమి. ఇచ్చట జరయే వ్రక్కలు చేసినది, సంధించినవాడు వెల్డింగుపనివాడు. అందులకు 46,000 అయినది.

మేము భయపడిన ఇంజను మాత్రము కనికరించెను. ముందుసీట్ల క్రింద నుండు మూడు సిలిండర్ల చిన్నయంత్రము, 796 సి.సి. విప్పి కూర్చుటకు, కార్బురేటరు శుభ్రపఱచుటకు 18,500. పెట్రోలుగొట్టములు మాత్రము అన్నియు మార్చవలసివచ్చెను. ఇప్పటి పెట్రోలులో నూటి కిరువదిపాళ్లు ఇథనాలు కలియుచున్నది. అది ప్రాతరబ్బరును మెత్తబఱచును, నీటిని పీల్చును. ఇంజనుమీదనే కూర్చుండు బండిలో పెట్రోలు కాఱినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. ఇందులో బేరమాడవద్దని మేమే మావారితో చెప్పితిమి.

బ్రేకులకు 7,200. చక్రమునకు 2,700 వంతున నాలుగు టైర్లకు 10,800. ఎలుకలు కొఱికిన వైరింగునకును బ్యాటరీకిని 9,300. అద్దముల రబ్బరులకు 3,400. మరల రంగునకు 28,000. సీట్లకును, వెనుక పెట్టించిన బెల్టులకును 8,500. లారీబాడుగ 4,500.

ఇక కాగితములు. రిజిస్ట్రేషను 2024లోనే గడువు తీఱినది. బండి మామగారి పేరనుండి మార్చుటకు ఆడబిడ్డ సంతకము, మరణపత్రము, తిరుగుడు. పదునైదేండ్లు దాటిన కారునకు పొడిగింపు రుసుము 2022 ఏప్రిలులో 600 నుండి 5,000 అయినది. ఇరువదేండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000 చేసిరి. మొదటి షెడ్డువాడు పుట్టీ పెట్టకయుండినచో జూలైలోనే పని తీఱి సగము మిగిలియుండును గదా యని మాకు ఇప్పటికిని మంట. అపరాధరుసుము, బీమా మొదలగువానితో ఈ పద్దు 16,800.

మొదటి షెడ్డు సొమ్ముతోకూడ మొత్తము 1,77,000. చీటీసొమ్ము పోగా కొఱవడిన 57,000 రూపాయలకు మా గాజులజత బ్యాంకునకు వెళ్లినది. నడుచుచున్న ఇట్టి బండి లక్షకు లోపుగనే దొరకునని ఆ పనివాడే చెప్పెను. పని సగమైన పిమ్మట చెప్పెను.

ధనము కంటె కాలము ఎక్కువ పోయినది. పదునాలుగు ఆదివారములు మావారు ఆటోనగరున స్టూలుపై కూర్చుండి పరీక్షపత్రములు దిద్దిరి. గ్రీజుమరక పడిన పత్రమునకు మార్కులు తగ్గించితిరా యని మేము వేళాకోళము చేసితిమి. మేము చేసిన మేలైన పని యొక్కటియే: రెండవమారు సొమ్మును విడతలుగా నిచ్చుచు, రంగు వేయుటకు ముందు వట్టిరేకును చూపినగాని తరువాతి విడత ఇయ్యమని నిలిచితిమి. ప్రతి అతుకును ఫోనులో ఫొటో తీసితిమి. పనివానికి కోపము రాలేదు. పైపెచ్చు తన పనిని తానే పిలిచి చూపుచుండెను. చేయక విడిచినది, ఇంతకు మించినచో ఆపివేయుదమని మొదటిదినముననే ఒక అంకె వ్రాసికొనుట.

ఇంకొక మాట దాచరాదు. ఎంత వెచ్చించినను ఈ బండి నేటికార్లవలె సురక్షితము కాజాలదు. మోకాళ్లకు ముందు ఒక్క రేకు తప్ప ఏమియు లేదు. క్రొత్త భద్రతానిబంధనలకు నిలువలేకయే దీని తయారీ ఆగినది. కావున ముందుసీటున పిల్లలను కూర్చుండబెట్టము. చీకటిలో రహదారి ఎక్కము. లారీలు హారను కొట్టినను యాబది దాటము. మావారు ఇందు కొప్పుకొనుటకు రెండు దినములు పట్టినది.

క్రిందటివారము అత్తగారిని వైద్యునియొద్దకు కొనిపోతిమి. ముందు కూర్చుండుడని మావారనగా ఆమె తల ఊపి, తానే తలుపు జరిపి, డ్రైవరు వెనుకచోటున కూర్చుండెను. అది ఆమె చోటట. పామఱ్ఱు దాటువఱకు మాటలాడలేదు. పిదప, "హారను మార్చారా?" అని అడిగెను. మార్చలేదని మావారు చెప్పిరి. "ఒకసారి కొట్టు" అనెను. రోడ్డుపై నెవ్వరును లేరు. కొట్టిరి.

వంటయింటి కప్పుపై ప్రస్తుతము నీలపు టార్పాలిను కలదు. పొయ్యిమీదికి కాఱుచోట సత్తుగిన్నె పెట్టుచున్నాము. మఱల చీటీ పాడుటకు జ్యేష్ఠమాసము రావలెను.