తింటుంటే దవడ ఉబ్బుతోందా?

మాది చేవెళ్ల పక్కన పల్లె. ఎండాకాలంలో నాయిన తెల్లారకముందే టమాటాలు తెంపి మార్కెట్‌కు పోతాడు. మధ్యాహ్నం దాకా చాయ్ తప్ప నీళ్లు ముట్టడు. ఓ రోజు అన్నం ముందు కూర్చోగానే ఆయన దవడ కింద గోలీ అంత ఉబ్బింది. గంటకు తగ్గింది. రాత్రి తింటుంటే మళ్లీ అదే!

"గవదబిళ్లలే బిడ్డా, మూడు దినాలల్ల తగ్గుతది" అని నానమ్మ పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. నేనూ సరే అనుకున్నా. నాలుగో రోజు జ్వరం. మొయినాబాద్‌లో డాక్టర్‌ అడిగిన మొదటి ప్రశ్న: "తినేటప్పుడే ఉబ్బుతోందా?" స్కాన్‌లో తేలింది.. లాలాజలం వచ్చే దారిలో బియ్యం గింజంత రాయి!

అవును, రాళ్లు కిడ్నీల్లోనే కాదు, నోట్లోనూ వస్తాయి. మనకు పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు: చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద. రాళ్లు ఎక్కువగా దవడ కింది వాటిలోనే. అక్కడి లాలాజలం చిక్కన, పైగా అది కిందినుంచి పైకి ఎక్కాలి. నీళ్లు తాగకపోతే ఇంకా చిక్కబడుతుంది. తిండి చూడగానే నోరూరుతుంది, దారి మూసుకుంటే గ్రంథి ఉబ్బుతుంది. నిలిచిపోయిన చోట బ్యాక్టీరియా చేరితే చీము, జ్వరం.

గవదబిళ్లలు వేరు. అది వైరస్. ఎక్కువగా చెవి ముందు, చెవితమ్మె కింద ఉబ్బుతుంది. దానికి యాంటీబయోటిక్స్ పనిచేయవు. ఇతరులకు అంటుతుంది కాబట్టి వాపు మొదలయ్యాక 5 రోజులు ఇంట్లోనే ఉండాలి. కుర్రాళ్లలో కొందరికి వృషణాలూ వాస్తాయి, నిర్లక్ష్యం వద్దు. దీనికి టీకా ఎంఎంఆర్. సర్కారు ఉచితంగా వేసే ఎంఆర్ మాత్రం తట్టు, రుబెల్లాలకే. మీ టీకా కార్డులో ఏముందో ఓసారి చూసుకోండి.

రాయి చిన్నదైతే నీళ్లు బాగా తాగడం, నిమ్మబద్ద చప్పరించడం, వేడి కాపడం పెట్టి మెల్లగా రుద్దడంతోనే బయటికి రావచ్చు. జ్వరం, చీము ఉంటే ఆగకుండా డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి. మింగలేకపోయినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికే. నొప్పి లేకున్నా రెండు వారాలకు తగ్గని గడ్డనూ చూపించుకోవాలి.

నాయినకు నోట్లోనుంచే రాయి తీశారు. ఇప్పుడు టమాటా బాక్సుల పక్కన నీళ్ల సీసా ఉంటోంది. నాకు మాత్రం ఒకటే బాధ.. ఆ నాలుగు రోజులూ ఎదురుగా కూర్చుని ఫోన్ చూస్తూ తిన్నా, ఆయన తినలేకపోవడం చూడలేదు.