నిర్జీవ సూక్ష్మజీవులతో పేగుకు ఊరట కలిగేనా?

కీమోథెరపీ రోగుల్లో కొత్త ఆశ.. ఆధారాలు ఇంకా చాలవు

పత్తర్‌గట్టి: పాతబస్తీలో పేద కుటుంబానికి క్యాన్సర్ అని తేలితే ముందుగా గుర్తుకొచ్చేది మూసీ అవతల రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రి. కీమోథెరపీ మందు ఎక్కించుకున్న రోగుల్లో పలువురు అదే రోజు ఇల్లు చేరతారు. అసలు బాధ ఆ తర్వాతి రోజుల్లో మొదలవుతుంది. నోరు పూస్తుంది, పేగు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. మ్యూకోసైటిస్ అని వైద్యులు పిలిచే ఈ బాధకు ప్రాణం లేని ప్రోబయోటిక్‌లు ఉపశమనం ఇవ్వగలవా అన్నదానిపై పలు దేశాల్లో పరిశోధనలు సాగుతున్నాయి.

పేగుపై దెబ్బ ఎందుకు?

వేగంగా విభజన చెందే కణాలను కీమో మందులు చంపుతాయి. పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి కొత్తదవుతుంది. అందువల్ల క్యాన్సర్ కణంతో పాటు ఆ పొర కూడా దెబ్బతింటుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల రూపొందించిన మెథోట్రెక్సేట్ నేటికీ ప్రాణాలు నిలుపుతోంది. నోటిపూత, పేగుపూత దాని దుష్ఫలితాల్లో ముఖ్యమైనవి. బాధ తీవ్రమైతే వైద్యులు మోతాదు తగ్గించాల్సి వస్తుంది, లేదా తదుపరి విడతను వాయిదా వేయాల్సి వస్తుంది. అప్పుడు అసలు చికిత్సే కుంటుపడుతుంది.

బతికున్నవాటితో భయం

విరేచనాలకు ప్రోబయోటిక్ పొట్లాలు వాడటం కొత్తేమీ కాదు. కీమో రోగి పరిస్థితి వేరు. తెల్లకణాలు పడిపోయి, పేగు పొర చిల్లులు పడినప్పుడు సజీవ సూక్ష్మజీవులు రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. లాక్టోబాసిల్లస్, శాకరోమైసిస్ బౌలార్డీ వల్ల అలాంటి ఇన్ఫెక్షన్లు అరుదుగానైనా నమోదయ్యాయి.

వేడితో గానీ, మరో పద్ధతిలో గానీ నిర్జీవం చేసిన సూక్ష్మజీవులకు ఈ చిక్కు లేదు. అవి రక్తంలో వృద్ధి చెందలేవు. అయినా వాటి కణగోడ భాగాలను పేగులోని రోగనిరోధక కణాలు గుర్తిస్తాయి. తద్వారా వాపు తగ్గి, పొర బిగుతు పెరగవచ్చని శాస్త్రవేత్తల అంచనా. ఇటువంటి తయారీలకు 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందం ‘పోస్ట్‌బయోటిక్’ అన్న పేరుకు నిర్వచనం ఇచ్చింది. వీటిని సజీవంగా ఉంచాల్సిన పని లేదు గనుక నిల్వ కూడా సులభం. మే నెలలో 40 డిగ్రీలు దాటే నగరంలో, ఫ్రిజ్ లేని ఇంటికి ఇది చిన్న సౌలభ్యం కాదు.

ఎలుకల నుంచి మనుషుల దాకా..

5-ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందు ఇచ్చిన ఎలుకల్లో కొన్ని నిర్జీవ తయారీలు పేగు నష్టాన్ని తగ్గించాయి. మనుషుల్లో జరిగిన పరీక్షలు మాత్రం స్వల్పం. ఒక జాతి సూక్ష్మజీవి చూపిన ఫలితం మరో జాతికి వర్తించదు. మోతాదు మారినా, చంపిన పద్ధతి మారినా ఫలితం మారవచ్చు. కనుక దీన్ని స్థిరపడిన చికిత్సగా చెప్పే దశ ఇంకా రాలేదు.

పెరుగు కలిపి వండిన దమ్ బిర్యానీలోనూ, మజ్జిగ పులుసులోనూ చనిపోయిన సూక్ష్మజీవులే ఉంటాయి కదా అన్న సందేహం సహజం. అవి ఆహారమే తప్ప ఔషధం కాజాలవు. ఏ జాతి, ఎంత మోతాదు, ఏ మేలు అన్నది పరీక్షల్లో తేలిన తయారీకే పోస్ట్‌బయోటిక్ పేరు చెల్లుతుంది.

ప్రస్తుతానికి చేయదగినది

విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్‌ఎస్ తాగించాలి. చికిత్స చేస్తున్న వైద్యుడికి తెలపాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సజీవమైనా, నిర్జీవమైనా దుకాణదారు మాట మీద ప్రోబయోటిక్ కొనరాదు. కొత్త మందు నిగ్గు తేలేందుకు కొన్నేళ్లు పట్టవచ్చు. నీరు కోల్పోయిన రోగికి మాత్రం గంటలే గడువు.