తొమ్మిది గీతల్లో ఒకటి మనది

తెలంగాణ ఆవిర్భావ దినం జూన్ 2 పొద్దున, ముఖ్యమంత్రి కుర్చీలో ఎవరున్నా సరే, జెండా ఎగరేసే ముందు వెళ్లేది గన్‌పార్కుకు. శాసనసభ ఎదురుగా ఉన్న చిన్న తోట అది. అక్కడి 1969 ఉద్యమ అమరవీరుల స్తూపం ముందు పూలచక్రం పెట్టి, తల వంచి, కాసేపు మౌనంగా నిలబడి, అటు నుంచి అటే పరేడుకు పోతారు. టీవీలో అది రెండు నిమిషాల దృశ్యం. మన ఖమ్మం జిల్లా పెనుబల్లిలోనో సత్తుపల్లిలోనో కూర్చుని చూసేవాళ్లకు రాజధానివాళ్ల వ్యవహారంలాగే ఉంటుంది. కాని ఆ స్తూపం కథ మొదలైంది హైదరాబాదులో కాదు. మనకు ఉత్తరాన అడవి దాటితే వచ్చే పాల్వంచలో మొదలైంది. ఈ మాట మన బడుల్లో ఎంతమంది పిల్లలకు చెప్పాం? చెప్పలేదన్న బాధతోనే ఈ వారం ఇది రాస్తున్నాను.

ముందు స్తూపాన్ని చూద్దాం. తొందరలో చూస్తే అర్థమయ్యేది కాదు అది. కింద నల్లరాతి పీఠం. దాని నాలుగు ముఖాల మీదా తొమ్మిదేసి చిన్న గుంతలు, తుపాకీ గుండ్లు దిగిన గాయాల్లా. సాంచి స్తూపం దగ్గరి తోరణాన్ని గుర్తుచేసే చెక్కడం. దాని మీద నిటారుగా లేచిన స్తంభం, దాని పొడవునా తొమ్మిది గీతలు. పైన చక్రం, అన్నిటికీ పైన తొమ్మిది రేకుల పువ్వు. శిల్పి ఎక్కా యాదగిరిరావు హైదరాబాదు మనిషి. ఆయన ఆ రాళ్లలో ఒక అంకెనే మళ్లీ మళ్లీ చెక్కారు. గాయాలూ తొమ్మిదే, గీతలూ తొమ్మిదే, పువ్వు రేకులూ తొమ్మిదే.

ఆ తొమ్మిదీ అప్పటి తెలంగాణ జిల్లాలు. హైదరాబాదు, మెదక్, నిజామాబాదు, ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం, నల్లగొండ, మహబూబ్‌నగర్. రంగారెడ్డి జిల్లా ఇంకా పుట్టలేదు, అది 1978 నాటిది. ఈ తొమ్మిదింటిలో వయసులో చిన్నది ఖమ్మమే. 1953లో వరంగల్ నుంచి విడదీసి దీన్ని జిల్లా చేశారు. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం వైపు ప్రాంతం వచ్చి కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016లో కొత్తగూడెం, భద్రాచలం విడిపోయి వేరే జిల్లా అయ్యాయి. ఇప్పుడు రాష్ట్రంలో 33 జిల్లాలున్నాయి. గన్‌పార్కు రాళ్ల మీద మాత్రం మనం ఇంకా ఒకే ఖమ్మం. గోదావరి ఒడ్డు నుంచి పెనుబల్లి పొలాల దాకా ఒకే గీత, ఒకే గాయం, ఒకే రేకు. నాకు ఆ స్తూపంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. మనుషులు గీసుకున్న హద్దులు ఎన్నిసార్లు మారినా, ఆ గీతకు ఒక కాలం నాటి మాట గుర్తుంది.

ఆ మాట ఉద్యోగం గురించి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. అదే ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. తెలంగాణలో కొన్ని కొలువులు ఇక్కడ 12 ఏళ్లుగా నివాసం ఉన్నవాళ్లకే ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన హామీ. నిజాం నాటి 1919 ఫర్మానా నుంచి వస్తున్న ముల్కీ నిబంధనల సారం అది. దీనికోసం 1957లో పార్లమెంటు చట్టం చేసింది. 1959లో దానికి నిబంధనలు రాసి ఐదేళ్ల గడువు పెట్టారు, తర్వాత మరో ఐదేళ్లు పొడిగించారు. అంటే 1969 మార్చికి ఆ రక్షణకు గడువు తీరిపోతుంది. ఉన్న పదేళ్లలోనూ దాన్ని సరిగా అమలు చేయలేదన్న కోపం జనంలో అప్పటికే నిండి ఉంది.

పాల్వంచలో ఆ కోపానికి కంటి ముందే కారణం కనిపించింది. అక్కడ కొత్తగా కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం లేచింది. బొగ్గు సింగరేణిది, నీళ్లు కిన్నెరసానివి, భూమి ఈ అడవిది. గేటు లోపల కొలువుల్లో మాత్రం బయటివాళ్లు ఎక్కువగా ఉన్నారని స్థానిక యువకులు చూశారు. 1969 జనవరి మొదట్లో అక్కడ నిరాహార దీక్షలు మొదలయ్యాయి. రెండో వారానికల్లా ఖమ్మంలో అన్నబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి ఆమరణ దీక్షకు కూర్చున్నాడు. అతను అడిగింది రాష్ట్రాన్ని చీల్చమని కాదు. ఇచ్చిన రక్షణలు అమలు చేయమని అడిగాడు. సంతకాలు పెట్టిన కాగితానికి కట్టుబడమన్నాడు, అంతే. నెల తిరగకముందే ఆ డిమాండు ఉస్మానియాకు చేరింది, ప్రత్యేక తెలంగాణ అయింది. ఆ జనవరిలోనే సదాశివపేటలో పోలీసు కాల్పులకు శంకర్ అనే కుర్రాడు బలయ్యాడు. మే 1న చార్మినార్ నుంచి రాజ్‌భవన్ వైపు సాగిన ఊరేగింపు మీదా తూటాలు పేలాయి. ఈలోగా మార్చి 28న సుప్రీంకోర్టు 1957 నాటి చట్టంలోని నివాస నిబంధననే కొట్టేసింది. అడుగుతున్న హామీకి అప్పటికి చట్టమే లేకుండా పోయింది.

చనిపోయినవాళ్లు 369 మంది అన్నది ఉద్యమం నోట నిలిచిన లెక్క. ప్రభుత్వం చెప్పిన లెక్క అంతకంటే చాలా తక్కువ. ఈ తేడా తీర్చకుండానే మనం యాభై ఏళ్లు దాటేశాం. సొంత రాష్ట్రం వచ్చి కూడా పదేళ్లు దాటింది. పేరు, వయసు, ఊరు, చనిపోయిన తేదీ, కారణం అన్నీ ఉన్న జాబితాను ప్రభుత్వమే అచ్చు వేసి ప్రతి గ్రంథాలయంలో పెట్టాలి. అది పెద్ద ఖర్చు పని కాదు. పోలీసు రికార్డులు, ఆసుపత్రి రికార్డులు, ఆనాటి పత్రికలు వెతకడానికి పదిమంది పరిశోధకులు, రెండేళ్ల సమయం ఇస్తే చాలు.

గన్‌పార్కులో స్తూపానికి శంకుస్థాపన 1970 ఫిబ్రవరి 23న జరిగింది. ఆనాటి హైదరాబాదు మేయర్ ఎస్. లక్ష్మీనారాయణ రాయి వేశారు. ఉద్యమం మీద నిర్బంధం ఇంకా సడలని రోజులవి. స్తూపం పూర్తయ్యేసరికి 1975 వచ్చింది. ఈ ఐదేళ్ల మధ్య జరిగినదంతా చెప్పుకోవాలి, ముఖ్యంగా మన జిల్లావాళ్లం.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. గెలవని నాలుగింటిలో ఖమ్మం ఒకటి. ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి తేళ్ల లక్ష్మీకాంతమ్మే మళ్లీ గెలిచారు. దీక్ష మొదలైన జిల్లా ప్రజాసమితికి ఓటు వేయలేదు. ఇది దాచుకోవాల్సిన సంగతి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. మనది సరిహద్దు నేల. తిరువూరు, చింతలపూడి మనకు సంతకు పోయి వచ్చేంత దూరం. పెనుబల్లి మండలంలో కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి వచ్చి భూమి కొని స్థిరపడ్డ కుటుంబాలున్నాయి, వాళ్లతో వియ్యమందుకున్న ఇళ్లున్నాయి. ఇక్కడివాడికి న్యాయం కావాలి, పక్కింటి బావతో మాట కూడా కావాలి. ఆ రెండూ ఒకే గుండెలో ఉండటం బలహీనత కాదు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పాక అటు ఆంధ్ర వైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. అక్కడా కాల్పులు జరిగాయి, పిల్లలు చనిపోయారు. గన్‌పార్కులో తల వంచేటప్పుడు సరిహద్దు మనిషికి ఆ తల్లులూ గుర్తుకు రావాలి.

ఆ తర్వాత 1973లో రెండు ప్రాంతాలకూ రాజీగా ఆరు సూత్రాల పథకం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మన వేంసూరు నియోజకవర్గ శాసనసభ్యుడు జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు. 1975 అక్టోబరులో స్థానిక కోటాలు నిర్ణయిస్తూ రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్‌తో కలిపి ఖమ్మాన్ని ఐదో జోన్‌లో వేశారు. స్తూపం పూర్తయిన ఏడాదీ అదే. ఒక చోట రాతి మీద గాయాలు చెక్కారు, ఇంకో చోట కాగితం మీద మందు రాశారు. ఆ మందు వేయలేదని పదేళ్లకే, 1985 డిసెంబరులో, ఉల్లంఘనలు సరిదిద్దమంటూ 610 జీవో ఇవ్వాల్సి వచ్చింది. అదీ అమలు కాలేదన్న ఆరోపణే మలి ఉద్యమానికి ఊపిరి పోసింది. 2009 నవంబరు 29న ఆ ఉద్యమ నాయకుడు కేసీఆర్‌ను దీక్షకు ముందే అరెస్టు చేసి తెచ్చింది మళ్లీ ఖమ్మానికే. ఆ దీక్ష మొదటి రోజులు ఖమ్మం జైల్లో, ఖమ్మం ఆసుపత్రిలో గడిచాయి.

ఇప్పుడు రాజధానిలో మరో స్మారకం ఉంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయానికి ఎదురుగా, 2023 జూన్ 22న ప్రారంభించిన అమరజ్యోతి. ప్రమిదలో వెలిగే దీపం రూపంలో, స్టెయిన్‌లెస్ స్టీలుతో దాన్ని తీర్చిన శిల్పి ఎం.వి. రమణారెడ్డి. రాత్రిపూట చూడటానికి గొప్పగా ఉంటుంది. కాని గన్‌పార్కు స్తూపం చెప్పినంత అది నాకు చెప్పదు. దీపం ఎవరికోసమైనా వెలుగుతుంది. ఆ తొమ్మిది గుంతలు మాత్రం ఒక నేలకు, ఒక కాలానికి, ఒక అన్యాయానికి చెందినవి.

ఖమ్మం జిల్లా మనుషులకు స్తూపాలు కొత్త కాదు. నేలకొండపల్లిలో బౌద్ధుల మహాస్తూపం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పోయినవాళ్లకు ఊళ్లలో ఎర్ర స్తూపాలున్నాయి, వాటి మీద పేర్లున్నాయి. వర్ధంతి రోజున ఆ ఇంటివాళ్లు వచ్చి దండ వేస్తారు, జెండా ఎగరేస్తారు, వాళ్లు దేనికోసం పోయారో మైకులో చెబుతారు. ఊరి స్తూపానికి ఉన్న బలం అదే, మనిషి పేరుతో పాటు అడిగిన కోరిక కూడా జనం నోట్లో బతికి ఉంటుంది. రాజధాని స్తూపానికి ఆ బలం మనం ఇవ్వలేకపోయాం. మౌనం పాటిస్తున్నాం కాని, వాళ్లేం అడిగారో చెప్పడం లేదు.

చెబితే నేటి సంగతులూ వస్తాయి, అందుకే చెప్పాలి. సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనికి జలగం వెంగళరావు పేరే పెట్టారు. గని కోసం భూములిచ్చిన ఊళ్ల పిల్లలు ఐటీఐలు, డిప్లొమాలు చదివి ఉన్నారు. మట్టి తీసే పని కాంట్రాక్టు కంపెనీలది. ఆ డంపర్ల మీద, ఆ వర్క్‌షాపుల్లో స్థానికులు ఎంతమంది అని వాళ్లు అడుగుతున్నారు. 1969లో పాల్వంచ గేటు దగ్గర అడిగిన ప్రశ్నే ఇది. అప్పుడు ప్రభుత్వ కొలువులకు కనీసం కాగితం మీద రక్షణ ఉంది. కాంట్రాక్టు కొలువుకు అదీ లేదు.

ఏజెన్సీలోకి పోతే బాధ ఇంకా లోతు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో 3వ నంబరు జీవో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. కోయ పిల్లవాడికి కోయ మాట వచ్చిన పంతులు దొరకాలన్నది చిన్న కోరిక. ఆ కోరిక తీర్చే కొత్త దారి వెతకడం గన్‌పార్కులో దండ వేసే ప్రతి ప్రభుత్వం బాధ్యత. ఆ తొమ్మిది గీతల్లో ఖమ్మం గీత కింద భద్రాచలం అడవి కూడా ఉంది కదా.

2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని మందుగుండు పెట్టి కూల్చేశారు. కాలం చెల్లిన ప్లాంటు, కూల్చడంలో తప్పేమీ లేదు. కాని ఆ రోజు ఫోన్లలో వీడియోలు తీసుకున్న వేలమందిలో, ఈ గేటు ముందే తెలంగాణ కథలో ఒక పెద్ద అధ్యాయం మొదలైందని తలుచుకున్నవాళ్లు తక్కువ. అక్కడ దారినపోయేవాళ్లకు కనిపించేలా ఒక రాతిపలక ఉండాలి. దాని మీద పొగడ్తలు వద్దు. 1956లో ఏం రాసుకున్నారు, 1969 జనవరిలో ఇక్కడివాళ్లు ఏం అడిగారు, ఆ తర్వాత ఏం జరిగిందన్నవి తెలుగులో, కోయ భాషలో రాస్తే చాలు. రవీంద్రనాథ్ దీక్షకు గుర్తుగా ఖమ్మంలోనూ అలాంటిదే ఒకటి ఉండాలి. జిల్లా పరిషత్తో, జెన్‌కోనో, ఉపాధ్యాయ సంఘాలో ఎవరు పూనుకున్నా సంతోషమే.

రాయి లేచేదాకా ఆగలేని పని ఇంకోటుంది. 1969లో హైస్కూలు చివరి తరగతుల్లో ఉన్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మన పెనుబల్లి, కల్లూరు, వేంసూరు, సత్తుపల్లి మండలాల్లో ఆ ఏడాది బడి మానేసి ఊరేగింపుల్లో నడిచినవాళ్లు, లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు, ఏడాది చదువు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. వద్దని ఇంట్లో కూర్చున్నవాళ్లూ ఉంటారు, వాళ్ల మాటా కావాలి. ఉన్నత పాఠశాలల పంతుళ్లకు నా విన్నపం. ఈ సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలను నోటు పుస్తకాలిచ్చి ఆ తాతల దగ్గరికి, అమ్మమ్మల దగ్గరికి పంపండి. ఏ రోజు, ఏ ఊరు, పక్కన ఎవరున్నారు, ఎందుకు వెళ్లారు, ఎందుకు వెళ్లలేదు అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకురమ్మనండి. పంపినవి పంపినట్టు ఈ శీర్షికలో వేస్తాను.

— నీలాద్రి, పెనుబల్లి